మా ఆస్పత్రిలో హ్యాకర్ని నేనే

నేను పనిచేసే ఆస్పత్రిలో కొత్తగా ఎవరైనా చేరితే, వాళ్ళకి నన్ను పరిచయం చెయ్యడానికి మా వాళ్ళు పోటీ పడతారు. "ఈయన మా హ్యాకర్ గారు" అంటారు. కొత్తవాళ్ళు ఒకడుగు వెనక్కి వేసి, జేబులో ఫోన్ తడుముకుని, గౌరవంగా తలూపుతారు. ఆ గౌరవం భోజనాల వేళదాకా ఉంటుంది. అక్కడ ఎవరో ఒకరు ఆ బిరుదు నాకెలా వచ్చిందో పూసగుచ్చినట్టు చెప్పేస్తారు. తర్వాత వాళ్ళు నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు.

అసలు నేను ఎలక్ట్రీషియన్ని. ఫ్యాన్లు, ట్యూబులైట్లు, జనరేటరు, లిఫ్టులో ఇరుక్కున్న డాక్టర్లు, ఇవీ నా శాఖలు. కొత్త భవనం కట్టినప్పుడు కంప్యూటర్ల తీగలు లాగాల్సిన కాంట్రాక్టరు పని మధ్యలో వదిలేసి వెళ్ళిపోతే, మిగతా సగం నేను సీలింగు మీద పాకుతూ లాగాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి కంప్యూటర్లు చూసే ఆయన వేరే ఉద్యోగం వెతుక్కున్నాడు. మీటింగులో సూపరింటెండెంట్ గారు బల్ల చుట్టూ చూసి, చివర్న గోడకి ఆనుకుని నిలబడ్డ నా దగ్గర ఆగారు.

"ఆ వైర్లు లాగింది నువ్వే కదయ్యా?"

"నేనేనండీ."

"అయితే ఏ వైరు ఎక్కడికి పోతుందో నీకే తెలుసు. నెట్‌వర్క్ నువ్వే చూసుకో."

ఆ లెక్కన రోడ్డు వేసిన మేస్త్రీని ట్రాఫిక్ పోలీసుగా పెట్టాలి. ఆ మాట పైకి అనే ధైర్యం నాకు లేదు. పైగా లోపల ఎక్కడో గర్వం కూడా మొలిచింది. ఇంటికెళ్ళి మా ఆవిడతో, "ఇవాళ్టి నుంచి నేను నెట్‌వర్క్ ఇన్‌చార్జిని" అన్నాను. ఆమె అదే ఆస్పత్రిలో ఐసీయూకి ఇన్‌చార్జి సిస్టరు. గిన్నె దించుతూ, "మా ఐసీయూలో ఏసీ బాగుచేసే పని ఇక ఎవరికిచ్చారు?" అని అడిగింది. ఆ పని కూడా నా దగ్గరే ఉంది.

చాలాకాలం నేను చేసిన నెట్‌వర్క్ ఉద్యోగం ఏమిటంటే, ఎవరైనా "రావట్లేదు" అంటే వెళ్ళి ఒకసారి ఆపి మళ్ళీ వెయ్యడం. చాలాసార్లు వచ్చేది. రాకపోతే మొహం గంభీరంగా పెట్టి "పైనుంచే లేదు" అనేవాణ్ణి. ఆ పైన ఎవరున్నారో నాకూ తెలీదు.

అలా గుట్టుగా సాగుతున్న సంసారంలోకి మా బామ్మర్ది వచ్చాడు. వాడు ఒక పెద్ద కంపెనీలో కంప్యూటర్ల భద్రత చూస్తాడు. సెలవుకి మా ఇంటికొచ్చి, ఒక మధ్యాహ్నం సోఫాలో కాళ్ళు చాపుకుని అడిగాడు.

"బావగారూ, మీ ఆస్పత్రి నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో మీకు తెలుసా?"

"తెలుసు. నర్సులందరూ నా గురించి మాట్లాడుకుంటున్నారు."

"కంప్యూటర్ల సంగతండీ."

"వాటికి మాటలు కూడా వచ్చా?"

వాడు నవ్వలేదు. లేచి కూర్చున్నాడు. ఈమధ్య ఆస్పత్రుల కంప్యూటర్లలోకి దొంగలు జొరబడి, ఫైళ్ళకి తాళాలేసి, సొమ్మిస్తేనే తాళం తీస్తామంటున్నారని చెప్పాడు. కాపలాకి కావలసిన సామాను ఉచితంగానే దొరుకుతుందట. లైనక్స్ అనే ఉచిత వ్యవస్థ మీద నడిచే పనిముట్లు బోలెడు ఉన్నాయట. తీగ మీద వెళ్ళే ప్రతి మూటనీ విప్పి చూపించేది ఒకటి, అనుమానం కలిగితే అలారం కొట్టేది ఒకటి, ఏ మెషీన్లో ఏ తలుపు తెరిచి ఉందో తట్టి చూసేది ఒకటి. అన్నీ ఒక పెట్టెలో సర్ది ఇచ్చేవాళ్ళు కూడా ఉన్నారట.

"ఊరికే ఎందుకిస్తారు?" అన్నాను. నాకు ఊరికే ఇచ్చేవాళ్ళంటే భయం.

"రాసినవాళ్ళు లోపలి సంగతంతా బయటపెట్టేస్తారు బావగారూ. ఒకరికి కనబడని లోపం ఇంకొకరికి కనబడుతుంది. దిద్దుతారు. మీరు కూడా విప్పి చూసుకోవచ్చు."

విప్పి చూసుకోవచ్చన్న మాట నాకు నచ్చింది. మూత బిగించి సీలు వేసిన వస్తువంటే మా వృత్తిలో ఎవరికీ పడదు. విప్పితే నాకేం అర్థమవుతుందన్న ప్రశ్న ఆ పూట నాకు తోచలేదు.

స్టోర్ రూములో పారేసిన పాత కంప్యూటరు ఒకటి తెచ్చి, చీపుర్లూ ఫినాయిలూ పెట్టే గదిలో బల్ల కింద పెట్టాను. కంప్యూటర్ల తీగలన్నీ వచ్చి చేరే ఇనప అల్మరా ఆ గదిలోనే ఉంది. బామ్మర్ది ఫోన్లో చెబుతుంటే లైనక్స్ ఎక్కించాను. పాస్‌వర్డు అడిగింది. కొట్టాను. తెర మీద ఒక్క చుక్క కూడా పడలేదు. కీబోర్డు పోయిందనుకుని, అకౌంట్స్ నుంచి ఇంకోటి బతిమాలి తెచ్చాను. అదీ పోయింది. మూడోది కూడా పోయాక బామ్మర్దికి ఫోన్ చేసి, "మీ లైనక్స్ కీబోర్డుల్ని తినేస్తోంది" అన్నాను.

వాడు చాలా మెత్తగా, "అక్కడ పాస్‌వర్డు కొడుతుంటే కనబడదు బావగారూ. పక్కనున్నవాళ్ళు చూడకుండా అలా పెట్టారు. మీరు కొట్టి ఎంటర్ నొక్కండి" అన్నాడు. నొక్కాను. తెరుచుకుంది. మూడు కీబోర్డులూ బాగానే ఉన్నాయి.

మొదట తెరిచింది వైర్‌షార్క్, మూటలు విప్పి చూపించేది. తెర మీద రంగురంగుల గీతలు వర్షంలా కురవడం మొదలైంది. ప్రతి గీతా ఒక కంప్యూటరు ఇంకోదానికి పంపిన మూట. నేను లాగిన తీగలే, నేను కొట్టిన మేకులే, కానీ ఇన్నేళ్ళూ వాటిలో ఇంత సందడి జరుగుతోందని నాకు తెలీదు. గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయాను. ఊడ్చే ఆవిడ చీపురు కోసం వచ్చి, నా భుజం మీంచి చూసి, "ఏదైనా ఆటా సార్?" అంది. "కాపలా" అన్నాను, గొంతు కొంచెం బరువు చేసి. ఆవిడ చీపురు తీసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత అలారం కొట్టే పనిముట్టు పెట్టాను. అప్పటికి నేను నేల మీద నడవడం మానేశాను. సూపరింటెండెంట్ గారి గదికెళ్ళి, "ఇక మన ఆస్పత్రిలోకి చీమ దూరినా నాకు తెలుస్తుందండీ" అన్నాను. ఆయన సర్జన్. తొందర మనిషి. "నాకూ తెలిసేలా పెట్టు" అన్నారు. ఆయన ఫోన్‌కి కూడా అలారాలు వెళ్ళేలా పెట్టాను.

మర్నాడు ఉదయం ఆయన ఆపరేషన్ థియేటర్లో ఉండగా చీమలు దూరడం మొదలైంది. అక్కడ ట్రేలో పెట్టిన ఆయన ఫోన్ మోగి, ఆగి, మోగి, చివరికి ట్రే అంచుదాకా నడుచుకుంటూ వచ్చిందట. నర్సు దాన్ని తువ్వాల్లో చుట్టి బయటికి పంపించేసింది. సాయంత్రం ఆయన పిలిచి ఫోన్ నా ముందు పెట్టారు. సమాచారం చోరీకి ప్రయత్నం, అనుమానాస్పద రాకపోకలు, నిబంధనల ఉల్లంఘన, ఇలా వందల కొద్దీ.

"మనమీద యుద్ధం ప్రకటించారా?" అన్నారు.

"కనుక్కుంటానండీ" అన్నాను.

కనుక్కోవడానికి అకౌంట్స్ మేడం దగ్గరికి వెళ్ళాను, ఎందుకంటే సగం అలారాలు ఆమె కంప్యూటరు పేరు మీదే ఉన్నాయి. తలుపు వేసి, గొంతు తగ్గించి, ఈమధ్య కొత్తవాళ్ళెవరైనా పరిచయమయ్యారా అని అడిగాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ఆ కంప్యూటరు చేస్తున్న నేరం వాతావరణం ఎలా ఉందో మాటిమాటికీ బయట కనుక్కోవడం. తెర మూలన చిన్న మబ్బు బొమ్మ ఉంది. ఆమె ఆ బొమ్మ వైపు వేలు చూపించి, "వర్షం పడొచ్చంటోంది. అరెస్టు చేస్తారా?" అంది.

అక్కడితో ఆగి ఉంటే నేను ఇంకా ఎలక్ట్రీషియన్‌గానే చలామణీ అయ్యేవాణ్ణి. కానీ పెట్టెలో ఇంకో పనిముట్టు మిగిలి ఉంది కదా, తలుపులు తట్టి చూసేది. ఒక పని దినాన, ఔట్‌పేషెంట్లు కిటకిటలాడుతున్న వేళ, దానికి ఆస్పత్రి మొత్తం అప్పజెప్పి, గట్టిగా తట్టమని చెప్పి, టీ తాగడానికి వెళ్ళాను.

తిరిగొచ్చేసరికి అలారం పనిముట్టు ఎర్రగా మండిపోతోంది. ఎవరో ఆస్పత్రిలోని ప్రతి మెషీన్నీ వరసపెట్టి తడుతున్నారు. అదే సమయంలో ఫార్మసీ నుంచి ఫోన్: ప్రింటరు తనంతట తానే కాగితాలు కక్కుతోందని. తర్వాత ల్యాబు. తర్వాత అకౌంట్స్. కాగితాల నిండా అర్థంలేని అక్షరాలు, చుక్కలు, ప్రశ్నార్థకాలు. మందుల చీటీ కోసం నిలబడ్డ ఒక పెద్దాయనకి ఆ కాగితమే చేతిలో పెట్టారట. ఆయన కళ్ళజోడు సర్దుకుని చదివి, "డాక్టరు గారి రాత కంటే నయంగానే ఉంది" అన్నాడట.

నిజంగానే దాడి జరుగుతోంది, కాపలా కాస్తున్నది నేను. గది గదికీ పరిగెత్తి ప్రింటర్ల ప్లగ్గులు పీకాను. సూపరింటెండెంట్ గారికి చెప్పి, దొంగ మన భవనంలోపలే ఉన్నాడని తేల్చాను. దాడి చేస్తున్న కంప్యూటరు నెట్‌వర్క్ అడ్రసు కాగితం మీద రాసుకుని సెక్యూరిటీ గార్డుని వెంటబెట్టుకుని అంతస్తులన్నీ గాలించాను. ఏ కంప్యూటరుకీ ఆ అడ్రసు లేదు. భోజనం కూడా మానేసి వెతికాను. చివరికి మిగిలింది చీపుర్ల గది. గార్డు తలుపు తీశాడు, లాఠీ పట్టుకుని. లోపల ఎవరూ లేరు. బల్ల కింద నా కంప్యూటరు మాత్రం బుద్ధిగా తన పని తను చేసుకుంటోంది. దాని అడ్రసూ కాగితం మీద అడ్రసూ ఒకటే.

ప్రింటర్లలో కొన్నిటికి ఒక జబ్బు ఉంటుందని, తలుపు తట్టిన మాటని కూడా అచ్చు వెయ్యమన్న ఆజ్ఞ అనుకుంటాయని ఆ సాయంత్రం బామ్మర్ది చెప్పాడు. చెబుతూ మధ్యలో రెండుసార్లు ఫోన్ పక్కన పెట్టాడు. గార్డు అప్పటికే లాఠీ చంకలో పెట్టుకుని అంతస్తంతస్తుకీ వెళ్ళి కథ చెప్పేశాడు. "దొంగని పట్టుకున్నాం. మన కరెంటు సారే." నా బిరుదు ఆ రోజే ఖాయమైంది.

ఇంట్లో మా ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. అదే నాకు ఎక్కువ భయంగా ఉంది. నేనే ఉండబట్టలేక, "ఇంక ఆ మెషీన్ తీసేస్తాను" అన్నాను. "అలారాలు రోజంతా కొడుతూనే ఉంటాయి. ఏది నిజమో తెలీదు. ఈమధ్య చూడటమే మానేశాను."

ఆమె నా వైపు తిరిగింది. "చూడటం మానేశారా? మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు అచ్చం ఇంతే. మొదటి వారం ప్రతి కూతకీ పరిగెత్తుతారు. రెండో వారం అసలు వినబడదు వాళ్ళకి. అదీ ప్రమాదం."

"మరి మీరేం చేస్తారు?"

"రేపు భోజనం టైముకి రండి, చూపిస్తాను. మీ స్క్రూడ్రైవరు బయట పెట్టి రండి."

మర్నాడు నన్ను నర్సుల బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఎదురుగా మంచాలు, ప్రతి మంచానికీ ఒక మానిటరు, తెర మీద ఆకుపచ్చ గీత. నేను వాటికి కరెంటు ఇచ్చానే తప్ప ఎప్పుడూ చూడలేదు.

"ఆయన చూడండి, గుండె చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఇంకొకళ్ళకైతే నేను పరిగెత్తాలి. ఆయనేమో జీవితమంతా పరుగుపందాల్లో ఉన్నాడు. ఆయనకి అది మామూలే. ఆ పక్కావిడకి బీపీ ఎప్పుడూ ఎక్కువే. ఉన్నట్టుండి అందరిలాగా అయిందంటే అప్పుడు నాకు భయం. ముందు ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటారో చూడాలి. ఆ తర్వాతే అలారం ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది. మీరు మీ కంప్యూటర్లని ఒక్కరోజైనా అలా చూశారా?"

చూడలేదు. నేను వాటి మీద కేసులు పెట్టానే తప్ప పలకరించలేదు.

వెళ్ళి అలారాలన్నీ ఆపేశాను. సూపరింటెండెంట్ గారి ఫోన్ కూడా విముక్తి పొందింది. రోజూ పని మధ్యలో వెళ్ళి చీపుర్ల పక్కన స్టూలు వేసుకుని ఊరికే చూడటం మొదలుపెట్టాను. మా ఆవిడ ఒక షరతు పెట్టింది: ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చూడొచ్చు, ఏం మాట్లాడుతున్నారో చూడకూడదు, అవి రోగుల సంగతులు. సరేనన్నాను. ఆ షరతు పాటించడం సులువే. చూసినా నాకు అర్థమయ్యేది కాదు.

కొన్ని వారాలకి ఆస్పత్రి నాకు వేరేగా కనిపించింది. ఉదయం రిజిస్ట్రేషన్ కౌంటర్లు తెరవగానే రికార్డుల మెషీన్ మీద జల్లు మొదలవుతుంది. ఎక్స్‌రే గది నుంచి బరువైన బొమ్మలు లారీల్లా బయల్దేరతాయి, వాటి వెనక మిగతావన్నీ నత్తనడక నడుస్తాయి. రక్తం దాచే ఫ్రిజ్ తన చల్లదనం ఎంతో అడక్కపోయినా చెబుతూ ఉంటుంది, వంటింట్లో పెద్దవాళ్ళలా. మధ్యాహ్నం ఒక పెద్ద డాక్టరు గదికి సినిమా వస్తుంది. ఎవరో నేను చెప్పను. ఆయన దయవల్లే మా అమ్మకి కళ్ళు కనిపిస్తున్నాయి. కౌంటర్లలోని కంప్యూటర్లు రికార్డుల మెషీన్‌తో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడవు. అంత మర్యాదస్తులు. ఎవరి మామూలు ఏమిటో తెలిశాక, ఒక్కొక్కరికీ విడివిడిగా అలారం పెట్టాను. రోజుల తరబడి అవి మోగనే లేదు. పాడైపోయాయేమోనని ఒకసారి నేనే తట్టి చూశాను. ఈసారి ప్రింటర్లని వదిలేసి.

అలారం నిజంగా మోగిన ఉదయం నేను ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాను. దిగి వెళ్ళి చూస్తే రిజిస్ట్రేషన్ కౌంటరు ఒకటి ల్యాబు తలుపు తడుతోంది. తర్వాత ఫార్మసీ. తర్వాత ఎక్స్‌రే. నేను చేసిన మొదటి పని నా సొంత మెషీన్ అడ్రసు చూసుకోవడం. నేను కాదు. మళ్ళీ చూసుకున్నాను. నిజంగానే నేను కాదు. జీవితంలో ఆ మాట అంత సంతోషంగా, అంత భయంగా ఎప్పుడూ అనుకోలేదు.

సూపరింటెండెంట్ గారి గదికి పరిగెత్తాను. "సార్, ఎవరో లోపలికొచ్చారు."

ఆయన కాగితాల మీంచి తలెత్తలేదు. "ప్రింటర్లు చూశావా?"

"ప్రింటర్లు కాదండీ. కౌంటరు కంప్యూటరు."

"దానికి వర్షం సంగతి కావాలేమో కనుక్కో." పక్కనున్న డాక్టర్లు నవ్వారు. వాళ్ళని తప్పుపట్టలేను. వాళ్ళ చోట ఉంటే నేనూ నవ్వేవాణ్ణి.

తిరిగొచ్చేసరికి ల్యాబు కంప్యూటరు కూడా తలుపులు తట్టడం మొదలుపెట్టింది. ఇక ఎవర్నీ అడగదల్చుకోలేదు. సాఫ్ట్‌వేరుతో ఎలా ఆపాలో బామ్మర్ది నేర్పాడు గానీ, ఆ క్షణంలో ఒక్క ముక్క గుర్తురాలేదు. చేతులు పాత వృత్తిలోకి వెళ్ళిపోయాయి. ఇనప అల్మరా తెరిచి, రిజిస్ట్రేషన్ తీగ కోసం వెతికి, పీకేశాను.

కౌంటరు ఇంకా తడుతూనే ఉంది.

ఇదేం మాయ అనుకున్నాను. తీగ చేతిలో ఉంది. తీగ లేకుండా ఎలా తడుతోంది? ఈ దొంగలు అంత మొనగాళ్ళా? ఇంకో రెండు పీకాను. ఇంకా తడుతోంది. చివరికి నాకు బాగా తెలిసిన విద్య ప్రయోగించాను. అల్మరాకి కరెంటు ఆపేశాను. ఆ గదిలో మినుకు మినుకుమనే దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

అప్పుడు మెరిసింది ఇంకో ఆలోచన. ఐసీయూ. మానిటర్ల తీగలు వేరే అల్మరాలోకి వెళ్తాయని నాకు తెలుసు. తెలుసనుకున్నాను. ఆ తీగలు లాగింది నేనే అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మెట్లన్నీ ఒక్క ఉరుకులో ఎక్కాను. మా ఆవిడ మందు ఎక్కిస్తూ నన్ను చూసి, "ఏమైంది? ఆ చెమటలేంటి?" అంది.

"మానిటర్లు... మానిటర్లు పనిచేస్తున్నాయా?"

"కూస్తున్నాయి కదా, వినబడట్లేదా?"

అప్పుడు వినబడింది. అక్కడే గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను. ఆమె చేతిలో పని ఆపకుండానే, "కంప్యూటర్లు ఆపేశారా?" అని అడిగింది. అవునన్నాను. పక్కనున్న నర్సుతో, "అందరికీ కాగితం ఛార్టులు తియ్యమను. ల్యాబు రిపోర్టులు మనిషిని పంపి తెప్పించుకుందాం" అని, నాతో, "మీరు కిందకెళ్ళండి. అక్కడ గోల మొదలయ్యుంటుంది" అంది.

మొదలైంది. కౌంటర్ల ముందు క్యూ కదలడంలేదు. సూపరింటెండెంట్ గారు మెట్ల దగ్గరే ఎదురయ్యారు. "ఎవరాపమన్నారు?"

"ఎవరూ అనలేదండీ."

ఆయన నోరు తెరిచేలోగా కౌంటరు అమ్మాయి పరిగెత్తుకొచ్చింది. "సార్, నా తెర మీద ఏదో వచ్చింది." వెళ్ళి చూశాం. నల్లటి తెర మీద ఎర్రటి అక్షరాలు. మీ ఫైళ్ళకి తాళం వేశాం, తాళం కావాలంటే ఇలా చెల్లించండి అని. పొద్దున్నే రిపోర్టు అన్న పేరుతో వచ్చిన మెయిల్ తెరిచానని ఆ అమ్మాయి చెప్పింది. "రోజూ అలాంటివి బోలెడొస్తాయి సార్. తెరవకపోతే ఆలస్యమైందని మీరే కేకలేస్తారు." సూపరింటెండెంట్ గారు ఆ తెరని చాలాసేపు చూశారు. తర్వాత నావైపు తిరిగి, చాలా మామూలు గొంతుతో, "ఇప్పుడేం చెయ్యాలి?" అన్నారు. ఆయన నన్ను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి. నాకు జవాబు తెలీదని చెప్పాను. ఆయన బయటి నిపుణుల్ని పిలిపించారు.

వచ్చినావిడ మితభాషి. ల్యాప్‌టాప్ తెరిచి, చీపుర్ల గదిలో నా స్టూలు మీదే కూర్చుని, నా పాత మెషీన్ దాచిన వివరాలన్నీ నిమిషాల వారీగా చదివింది. మర్నాడు అందరినీ మీటింగు గదిలో కూర్చోబెట్టి చెప్పింది. కౌంటర్లూ, ల్యాబూ, రికార్డుల మెషీనూ తాళాల పాలయ్యాయి. కానీ రికార్డుల నకళ్ళు దాచే మెషీన్ చెక్కుచెదరలేదు. దొంగలు దాన్ని తట్టేసరికి దాని తీగ ఊడి ఉంది. కాబట్టి ఎవరికీ ఏమీ చెల్లించక్కర్లేదు, అన్నీ తిరిగి వస్తాయి.

"ఇలాంటప్పుడు అందరూ కంగారులో దొంగ వెంట పడతారు" అందావిడ. "ముందు నకళ్ళు కాపాడాలని చాలామందికి తట్టదు. ఇక్కడ మొట్టమొదట పీకిన తీగ అదే. ఆ నిర్ణయం ఎవరిది?"

అందరూ నావైపు తిరిగారు. అకౌంట్స్ మేడం కూడా. ఆ చూపుల్లో కొత్తగా ఏదో ఉంది, దాన్ని ఇంకాసేపు ఉంచుకోవాలనిపించింది. కానీ వెనక వరసలో మా ఆవిడ కూర్చుని ఉంది. ఆమె ముందు అబద్ధం ఆడి గెలిచిన చరిత్ర నాకు లేదు.

"అది నిర్ణయం కాదండీ" అన్నాను. "నా చేతిరాత."

ఆవిడకి అర్థం కాలేదు. తీసుకెళ్ళి అల్మరా చూపించాను. తీగలు లాగిన రోజుల్లో ప్రతిదానికీ ఒక పట్టీ అంటించి పేరు రాశాను. పూర్తి పేరు రాయడానికి బద్ధకించి మొదటి అక్షరంతో సరిపెట్టాను. రిజిస్ట్రేషన్‌కి "రి." రికార్డుల నకళ్ళు దాచే మెషీన్‌కీ "రి." నేను పీకింది రెండో "రి." కౌంటరు ఎందుకు ఆగలేదో నాకు మర్నాటి దాకా తెలీదు.

ఆవిడ ఆ రెండు పట్టీల్నీ మార్చి మార్చి చూసింది. అంతదాకా నవ్వని మనిషి అల్మరా తలుపు పట్టుకుని నవ్వింది. "రిపోర్టులో ఏం రాయమంటారు?" అని అడిగింది. సూపరింటెండెంట్ గారు దగ్గి, "సకాలంలో స్పందించారని రాయండి" అన్నారు. అలాగే రాసింది. దాని కింద, పట్టీలన్నీ పూర్తి పేర్లతో తిరిగి రాయించాలని కూడా రాసింది.

ఆ వారమంతా ఆస్పత్రి కాగితాల మీద నడిచింది. మా ఆవిడ ఐసీయూలో ఒక్క మందు తప్పలేదు, ఒక్క రిపోర్టు తారుమారు కాలేదు. నకళ్ళు తిరిగి ఎక్కించిన రోజు సూపరింటెండెంట్ గారు నన్ను పిలిచి, ఏం కావాలో అడగమన్నారు. ఒక మనిషిని ఇవ్వమన్నాను, కంప్యూటర్లు నిజంగా చదువుకున్న మనిషిని. ఇచ్చారు. ఆ అమ్మాయి చేరిన మొదటి గంటలోనే నేను పెట్టిన అలారాల్లో మూడు తప్పులు పట్టింది. నాకు ప్రాణం లేచొచ్చింది. చాలాకాలంగా వాటిని ఎవరైనా పట్టుకుంటారేమోనని చూస్తున్నాను.

ఇప్పుడు ఉదయం పూట నేను ఆ అమ్మాయి పక్కన స్టూలు మీద కూర్చుని నేర్చుకుంటాను. మధ్యాహ్నం నుంచి ఫ్యాన్లు. భోజనానికి క్యాంటీన్లో మా ఆవిడా నేనూ కిటికీ పక్క బల్ల దగ్గర కలుస్తాం. నిన్న ఆమె ఆలస్యంగా వచ్చి, కుర్చీలో కూలబడి, చెప్పులోంచి కాలు తీసింది.

"ఇవాళ మీ దగ్గరేమైంది?" అంది.

"ఏమీ కాలేదు. మీ దగ్గర?"

"మా దగ్గరా ఏమీ కాలేదు. పొద్దుటి నుంచీ అందరూ మామూలుగానే ఉన్నారు."

చెప్పి, నా పళ్ళెంలోంచి ఒక ముద్ద తీసుకుంది.